రెప్పలకు పూసిన మందు

నా కుడికంటికి నీటికాసులు, కంటి లోపల ఒత్తిడి పెరిగే జబ్బు. ఎడమకన్ను బాగానే ఉంది. అందుకని మందు ఒక్క కుడికంటికే, రోజూ పడుకునే ముందు ఒక చుక్క. ఎల్బీనగర్‌లో నేను చూపించుకునే డాక్టరమ్మ మొదటిసారి రాసిచ్చినప్పుడే చెప్పింది, ఆ కంటి రెప్ప వెంట్రుకలు కొంచెం పెరుగుతాయి, కంగారుపడొద్దని. పత్రికలో డెస్కు మీద ముప్పై ఏళ్లు అక్షరాలను చూసి చూసి వచ్చినదాన్ని. చూపు నిలబడితే చాలనుకుంటున్న సమయంలో రెప్పల సంగతి నాకు పట్టలేదు.

నాలుగైదు నెలలకు నిజంగానే పెరిగాయి. కుడివైపు నల్లగా, ఒత్తుగా, కళ్లజోడు అద్దానికి రాసుకునేంత పొడుగ్గా. ఎడమవైపు ఎప్పటిలాగే. అద్దంలో చూసుకుంటే ఇద్దరు మనుషుల కళ్లు తెచ్చి ఒక మొహంలో పెట్టినట్టుండేది. రిటైరయిన ఆడమనిషి మొహాన్ని ఎవరూ అంత దగ్గరగా చూడరు కాబట్టి ఎవరూ అడగలేదు.

కనిపెట్టింది మా చెల్లె.

"ఏందక్కా, ఒక్క కన్నుకే మేకప్ చేసుకున్నవ్? రెండో కన్ను ఏం పాపం చేసింది?"

మందు సంగతి చెప్పాను. అది నవ్వింది. చాలా నెలల తర్వాత నవ్వింది. తర్వాత నవ్వు ఆపి నా దగ్గరికి జరిగి, గడ్డం పట్టుకుని మొహం వెలుతురువైపు తిప్పి, చీర అంచు చూసినట్టు చూసింది.

దానికి రొమ్ము కాన్సరు. ఆపరేషను, కీమో అన్నీ అయిపోయి అప్పటికి మూడు నెలలు. మన్సూరాబాద్‌లో మాది పాత ఇల్లు. కింద నేను, పైన చెల్లె, మరిది. జబ్బు రోజుల్లో మెట్లెక్కలేక కిందే నా గదిలో పడుకునేది. జుట్టు మళ్లీ మొలిచింది, స్కూలు పిల్లాడి క్రాపంత. కనుబొమలు వచ్చాయి. రెప్పల వెంట్రుకలే సరిగా రాలేదు. వచ్చినట్టే వచ్చి రాలేవి. మిగిలినవి సందుల పళ్లలా దూరం దూరంగా నిలబడ్డాయి.

రెప్పలకు వెంట్రుకలు ఎందుకున్నాయో అవి పోతేగానీ తెలియదు. దుమ్ము నేరుగా కంట్లో పడుతుంది. గాలి తగిలితే నీళ్లు కారతాయి. కాటుక పెడితే ఆనుకునేందుకు ఏమీ ఉండదు, పది నిమిషాల్లో చెంప మీదికి దిగుతుంది. అన్నిటికంటే ముఖ్యం, చూసేవాళ్లకు ఏదో తేడా తెలుస్తుంది. అదేమిటో తెలియదు. తెలియక, "ఏమైందమ్మా, ఒంట్లో బాగలేదా?" అని అడుగుతారు.

అడిగితే ఏమవుతుందని నేనూ అనుకున్నాను మొదట్లో. కానీ చెల్లె పని అటువంటిది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చీరల దుకాణంలో కౌంటరు మీద కూర్చుంటుంది. ఆ దుకాణం యజమానిదీ మా పోచంపల్లి వైపే. చెల్లె అక్కడ కుదిరిన కొత్తలో ఎవరి పెళ్లికో మొదటి చీర దాని చేతి మీదుగా తీశారు, ఆ సంసారం బాగుంది, ఆ మాట చుట్టాల్లోకి పాకింది. అప్పటినుంచి పెళ్లివాళ్లు వచ్చి గుమ్మంలోనే అడిగేవారు, "మంచి చెయ్యి ఆమె ఉన్నదా?" అని. పెళ్లికూతురి మొదటి చీర దాని చేత్తో విప్పించి, దాని చేత్తోనే పెళ్లికూతురి భుజం మీద వేయించేవారు. మిగతా చీరలు ఎవరి దగ్గర తీసినా సరే. నమ్మకమో, దుకాణం చేసుకున్న ప్రచారమో నాకు తెలియదు. చెల్లె మాత్రం దాన్ని ఉద్యోగంలా కాక పూజలా చేసేది. ఆ రోజుల్లో గోళ్లు కూడా జాగ్రత్తగా కత్తిరించుకుని వెళ్లేది, పట్టుకు తగలకుండా.

కీమో అయ్యాక తిరిగి వెళ్లిన వారంలోనే ఒకాయన భార్యతో గొణిగాడట. రోగం మనిషి లెక్కుంది, ఈమె చేతిల పెళ్లి చీరనా, అని. చెల్లె విన్నది. యజమానీ విన్నాడు. మంచివాడే. మర్నాడు మెల్లగా చెప్పాడు, "నీ మంచికే చెప్తున్నమ్మా. జర మొహం తేరుకునేదాంక పైన స్టాకు రూముల కూసో. మడతలు చూసుకో. పెళ్లిళ్లు మొదలయ్యేసరికి కిందికి వద్దువు గానీ."

పైగదిలో కిటికీ లేదు. మడతపెట్టిన చీరను విప్పి, మళ్లీ మడతపెట్టి, బీరువాలో పెట్టడమే పని. ఇంటికొచ్చి చెల్లె దాని గురించి ఏమీ అనేది కాదు. పెళ్లిళ్లు మొదలయ్యేలోగా రెప్పలు రావాలి, అంతే. అదొక్కటే పట్టుకుంది.

"గా మందు నాకు పనికొస్తదా అక్కా?"

"అది కంటి జబ్బు మందే. డాక్టరమ్మను అడగాలె."

"ఎప్పుడు పోతవ్?"

నా చెకప్పు ఇంకా ఆరు వారాలు ఉంది. "పోయినప్పుడు అడుగుత. చూద్దాం" అన్నాను. విసుగుతో అన్న మాట కాదు. కానీ ఏడాదిపాటు దవాఖానల బెంచీల మీద కూర్చుని ఉన్నాను. ఇంకో డాక్టరు, ఇంకో టోకెను అంటే ఒళ్లు బరువెక్కేది. ఆ సాయంత్రమే ఫోను చేసి ముందు తేదీ అడగొచ్చు. అడగలేదు.

ఫ్రిజ్ తలుపులో నా పాత మందు సీసాలు రెండు మూడు ఉండేవి. తెరిచిన నెలకు పారెయ్యమని డాక్టరమ్మ ప్రతిసారీ చెబుతుంది. నేను కొత్తది తెరిచి, పాతదాన్ని అడుగున నాలుగు చుక్కలున్నాయి కదా అని పక్కన పెడతాను. ఇంట్లో చింతపండు, ఉల్లిపాయ మిగిలితే పెట్టినట్టే. అవి అక్కడున్నట్టు కూడా నాకు గుర్తుండేది కాదు.

ఐదో వారంలో ఒక ఆదివారం పొద్దున చాయ్ ఇవ్వడానికి చెల్లె వంగినప్పుడు చూశాను. రెండు కళ్ల పైరెప్పలూ, కింది రెప్పలూ అంచుల వెంట నల్లబడి ఉన్నాయి. మసి పూసినట్టు. కళ్లు ఎర్రగా, అంచుల్లో పుసి. ఎడమ పైరెప్ప ఒకచోట గింజకట్టి ఉబ్బింది.

"ఇది ఎన్ని దినాల సంది?"

"నిద్ర లేక."

పక్కన పేపరు చదువుతున్న మరిది తల ఎత్తకుండానే అన్నాడు, "నిద్రనా? కుంభకర్ణుని చెల్లె లెక్క పండుతది. ఏందో పూస్తున్నది వదినా, అద్దం ముంగట. నేనడిగితే గుడ్లురిమింది."

"నువ్వు మూసుకోని పేపర్ సదువు" అంది చెల్లె. నావైపు తిరిగి, "నీ మందే" అంది.

"కంట్లో వేస్తున్నవా?"

"కంట్ల కాదు. అంచుకు పూస్తున్న. సన్నగ."

"దేంతో?"

దిల్‌సుఖ్‌నగర్ ఫుట్‌పాత్ మీద దొరికే మేకప్ డబ్బాలోని చిన్న బ్రష్షు తెచ్చి చూపించింది. కుచ్చు గట్టిపడి ఉంది. దాన్ని కడిగావా అని అడగడానికి కూడా భయమేసింది.

"రోజుకు ఎన్నిసార్లు?"

"పొద్దున, పగటీలి, పండేటప్పుడు. మూడుసార్లు."

"నేను ఒక్కసారే వేసుకుంటున్న గదనే!"

అప్పుడది నన్ను చూసిన చూపు నాకింకా గుర్తుంది. తెలివితక్కువ ప్రశ్న అడిగినట్టు చూసింది. "ఒక్క ముంపుకు రంగెక్కుతదా అక్కా? నాయిన ఎన్ని ముంపులు ముంచేటోడు?"

మా నాయన నూలుకు రంగులద్దేవాడు. నూలు పోగులకు ముడులు కట్టి రంగులో ముంచడం, ఆరబెట్టడం, మళ్లీ ముంచడం. ఒక ముంపుకు లేత రంగు. రెండో ముంపుకు ముదురు. నలుపు కావాలంటే ఎన్నో ముంపులు. ఓపిక తక్కువైతే రంగు తక్కువవుతుంది, అంతే లెక్క. మేమిద్దరం ఆ నీళ్ల పక్కనే పెరిగాం. నేను చదువుకుని పేపరులో పడ్డాను. అది ఆ లెక్కను వదల్లేదు. వదలాలని ఎవరు చెప్పారు దానికి? రంగు విషయంలో ఆ లెక్క ఎప్పుడూ తప్పలేదు. చెల్లె రోజుకు మూడు ముంపులు వేసి, పోగులాగే కనురెప్ప కూడా నల్లబడేవరకు ఓపికపట్టింది. నల్లబడింది కూడా. వెంట్రుకలు కాదు, చర్మం.

"అడగకుండ ఎట్ల వాడినవే? కాన్సరు మందులు తీసుకున్న మనిషివి."

"అడిగిన గద నిన్ను. చూద్దాం అన్నవ్." తర్వాత లోపలికి వెళ్లి బిస్కెట్ల డబ్బా తెచ్చింది. నేను పేపరులో ఉన్నన్నాళ్లూ ఫ్యామిలీ పేజీ నుంచి అది కత్తిరించి దాచుకున్న ముక్కలు అందులో ఉన్నాయి. వాటిమీద నా పేరు ఉండదు. డెస్కు మనుషుల పేరు ఎక్కడా ఉండదు. అయినా ఏ పేజీ నేను తయారుచేసిందో నన్నడిగి మరీ కత్తిరించేది. అందులోంచి ఒకటి తీసి నా చేతిలో పెట్టింది. "నీ పేపర్లనే వచ్చింది. మంచిగ పనిచేస్తదని."

శీర్షిక చూడగానే నాదేనని తెలిసింది. అటువంటి శీర్షికలు నేనే పెట్టేదాన్ని. నాలుగు పేరాలు. కంటి ఒత్తిడికి వాడే చుక్కల మందు రెప్పల వెంట్రుకలను పెంచుతుందని డాక్టర్లు గమనించారని మొదటి పేరా. దాన్నే రెప్పల కోసం ప్రత్యేకంగా తయారుచేసి చీటీ మీద ఇస్తున్నారని రెండోది. ఎలా పనిచేస్తుందో మూడోది. కొన్ని వారాల్లో ఫలితం కనిపిస్తుందని నాలుగోది. అక్కడితో అయిపోయింది.

అక్కడితో అయిపోయి ఉండదు. ఆ ముక్క నాకు విడిగా జ్ఞాపకం లేదు. కానీ పని చేసే పద్ధతి జ్ఞాపకముంది. సాయంత్రం ప్రకటనల విభాగం నుంచి ఒక ప్రకటన వచ్చేది. పేజీలో అంత జాగా ఖాళీ చెయ్యాలి. డెస్కులో చేరిన మొదటి వారం నేర్పేది ఇదే. ముఖ్యమైంది పైన, తక్కువ ముఖ్యమైంది కింద, జాగా చాలకపోతే కిందినుంచి కొయ్యి. ప్రమాదాల వార్తకూ, మీటింగు వార్తకూ అది సరైన పద్ధతే. ఆరోగ్యం ముక్కల్లో మాత్రం ఏ డాక్టరు రాసిచ్చినా చివరి పేరాలో ఒకటే ఉండేది. ఎవరు వాడకూడదు, ఎలా వాడాలి, ఏమైతే ఆపాలి. ఎన్ని వందల చివరి పేరాలు కోశానో. కోసినప్పుడు చెయ్యి ఆగిన గుర్తు ఒక్కటీ లేదు.

"దీంట్ల ఇంకో పేరా ఉండె" అన్నాను.

"ఏది?"

"నేనే తీసేసి ఉంట."

"ఎందుకు?"

"జాగా లేక."

చెల్లె ఆ ముక్కను నా చేతిలోంచి తీసుకుని కింది అంచు చూసింది. అక్కడ ఇంకేమైనా కనిపిస్తుందేమో అన్నట్టు. "జాగా లేకనా" అంది. కోపంగా కాదు. మరిది పేపరు మడిచి, "ఇగ దవాఖానకు నడువుండ్రి. పంచాది తర్వాత పెట్టుకుందురు గానీ" అన్నాడు. ఆదివారం డాక్టరమ్మ ఉండదు. ఉన్న సీసాలన్నీ ఆ పూటే చెత్తబుట్టలో వేశాను. సోమవారం పొద్దున్నే వెళ్లాం.

టోకెను ఇచ్చి కూర్చోబెట్టారు. ఎల్బీనగర్ చౌరస్తా శబ్దం తలుపు తెరిచినప్పుడల్లా లోపలికి వచ్చి పోతోంది. చెల్లె కళ్లకు చున్నీ అడ్డం పెట్టుకుని కూర్చుంది.  

డాక్టరమ్మ గుంటూరు వైపు మనిషి. పరికరం ముందు చెల్లె గడ్డం ఆనించి చాలాసేపు చూసింది. కంటి లోపలి ఒత్తిడి కొలిచింది. జరిగింది నేనే చెప్తూ పోయాను. "ఎన్నాళ్లు వాడారమ్మా? రోజుకు మూడుసార్లా? కింది రెప్పకు కూడానా? అయ్యో రామ!" అంది. చెల్లె దోషిలా తల వంచుకుంది.

"ఈ మందు రోజుకు ఒక్కసారే పూయాలమ్మా. పైరెప్ప అంచునే. కింద పూయక్కర్లేదు, కన్ను మూసి తెరిస్తే దానికదే అంటుతుంది. ఎక్కువ పూస్తే ఎక్కువ పెరగవు. పక్కకు జారితే జారినచోట వెంట్రుకలు వస్తాయి, చర్మం నల్లబడుతుంది. మందుతో వచ్చే పుల్లల్లో ప్రతిసారీ కొత్తది వాడి పారెయ్యాలి. మీరు వాడిన బ్రష్షుకు, ఆ పాత సీసాకు కన్ను పోకుండా ఉన్నందుకు దేవుడికి దణ్ణం పెట్టుకోండి." తర్వాత నావైపు చూసింది. "సీసా ఎవరిది?"

"నాది."

"తెరిచిన నెలకు పారెయ్యమని మీకు చెప్పానా లేదా?"

చెప్పింది. ప్రతిసారీ చెప్పింది. చీటీలో చివరి లైను అదే.

రెప్ప అంచున ఇన్ఫెక్షను. దానికి వేరే చుక్కలు, వేడినీళ్ల కాపడం రాసింది. మందు వెంటనే ఆపెయ్యమంది. కాన్సరు డాక్టరుకు కూడా ఈ సంగతి చెప్పమంది. నల్లబడిన చర్మం చాలామందికి మందు ఆపాక నెలల మీద తగ్గుతుందని, ఎన్ని నెలలో తను చెప్పలేనని అంది. చెల్లె మొదటిసారి నోరు తెరిచింది.

"పెళ్లిళ్ల లోపట తగ్గుతదా మేడం?"

"ఎవరి పెళ్లమ్మా?"

"అందరియి."

డాక్టరమ్మకు అర్థం కాలేదు. నేను దుకాణం సంగతి చెప్పాను. విని ఆమె కుర్చీ వెనక్కి జరిపి, టోకెన్లు పట్టుకుని తలుపు సందులోంచి చూస్తున్నవాళ్లను ఆగమని చెయ్యి చూపింది.

పాత అలవాటు నాది. అడిగేశాను. "డాక్టరమ్మా, అసలీ మందు మంచిదా కాదా? ఒక్క మాటలో చెప్పండి."

"ఒక్క మాటలో తేలేదైతే నేను చీటీ ఎందుకు రాస్తానండీ?" అని నవ్వింది. తర్వాత చెప్పింది. పనిచేస్తుంది. చాలామందికి బాగానే పనిచేస్తుంది. రెండు నెలలకు కనిపించడం మొదలవుతుంది, నాలుగు నెలలకు పూర్తి ఫలితం. వాడినన్నాళ్లే. ఆపితే మెల్లగా పాత స్థితికి వస్తాయి. దురద, ఎరుపు కొందరికి. కనుగుడ్డు రంగు ముదిరితే మాత్రం మళ్లీ వెనక్కి రాదు, అరుదే, మన నల్లకళ్లలో కనపడకపోవచ్చు. కొందరికి కంటి చుట్టూ కొవ్వు తగ్గి కన్ను లోపలికి పోయినట్టుంటుంది. కంటి ఒత్తిడికి ఇదే రకం మందు వాడుతున్నవాళ్లు ఇది కూడా పూసుకుంటే, ఆ వైద్యం లెక్క తప్పొచ్చు. కంట్లో ఇన్ఫెక్షను ఉంటే ముట్టుకోకూడదు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు అడక్కుండా వాడకూడదు. "కన్ను చూసి, మనిషిని చూసి ఇస్తే భయపడాల్సిన మందు కాదు. మీ చెల్లిగారికి నేనైతే కొన్నాళ్లు ఆగమనేదాన్ని. కీమో తర్వాత చాలామందికి వాటంతటవే వస్తాయి. వచ్చి, రాలి, మళ్లీ వస్తాయి. అదొక తిక్క వాటికి."

అదంతా వింటుంటే నా మనసులో అది ఒక పేరాగా పేరుకుంటోంది. ఏ పేజీలోనూ పట్టనంత పెద్ద పేరా.

తర్వాతి పది వారాలు చెప్పుకోవడానికి ఏమీ లేనివి. చుక్కలు, కాపడం, మెట్రో, పైగది, ఇల్లు. వారానికి గింజ తగ్గింది, రెండు వారాలకు ఎరుపు పోయింది. నలుపు పోలేదు. ఇదివరకు ఒంట్లో బాగలేదా అని అడిగినవాళ్లు ఇప్పుడు, "మీ ఆయన కొట్టిండా?" అని అడగడం మొదలుపెట్టారు. మరిది కాలనీలో తల ఎత్తుకోలేకపోతున్నానని మొత్తుకున్నాడు. "నిజంగ కొట్టినా గింత పేరు రాకపోయేది వదినా!"

ఆ వారాల్లోనే నా మందు కోసం మెడికల్ షాపుకు వెళ్లాను. నా ముందు ఒక అమ్మాయి ఫోనులో బొమ్మ చూపించి అదే మందు అడిగింది. చీటీ లేదు. ఇచ్చేశారు. బయటికి వచ్చాక నేను ఆ అమ్మాయిని ఆపాను. ముందు డాక్టరుకు చూపించుకొమ్మని, పైరెప్పకే, ఒక్కసారేనని చెప్పబోయాను. "యూట్యూబ్‌ల చూసిన ఆంటీ" అంటూ బండి ఎక్కేసింది. మర్యాదగానే అంది.  ఎంతమందిని ఆపుతాను?

రెండోసారి చూపించినప్పుడు డాక్టరమ్మ సంతోషించింది. కళ్లు శుభ్రంగా ఉన్నాయి. నలుపు సగానికి సగం తగ్గింది. మందుకు వచ్చిన ఒకటీ అరా వెంట్రుకలు రాలాయి. మధ్యమధ్యలో కొత్తవి పొట్టిగా మొలుస్తున్నాయి. "ఇప్పుడు కావాలంటే రాసిస్తానమ్మా. పద్ధతిగా వాడుకుందురుగాని. కాన్సరు డాక్టరుకు ఒక మాట చెప్పి."

"ఆపితే పోతయన్నరు గద మేడం?"

"పోతాయి."

"పెళ్లిళ్లయితే వచ్చే వారమే." పర్సు తెరుస్తూ, "రాయుండ్రి, ఉంచుకుంట" అంది. చీటీని మడిచి పర్సులో పెట్టింది. దారిలో మందుల దుకాణం ముందు నేను నడక తగ్గించాను. అది తగ్గించలేదు.

ముహూర్తాలు మొదలైన మొదటి ఆదివారం. యజమాని పైగదిలో పనిచేసేవాళ్లందర్నీ పనికి రమ్మన్నాడు, చెల్లెను కిందికి రమ్మని మాత్రం అనలేదు. చెల్లె నన్ను కూడా తోడు రమ్మంది. ఎందుకని అడిగితే, "ఊకెనే" అంది. ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కి దిల్‌సుఖ్‌నగర్‌లో దిగాం. స్టేషను మెట్ల దగ్గరినుంచే జనం. దుకాణంలో చీరలు పరిచే పరుపుల మీద మోకాలు పెట్టడానికి సందు లేదు. నన్ను బిల్లు బల్ల పక్కన స్టూలు మీద కూర్చోబెట్టి, చెల్లె మెట్లవైపు వెళ్లింది.

సగం మెట్లు ఎక్కి ఆగింది. కింద కౌంటరులో ఒక పిల్ల ఒక్కతే మూడు గుంపులకు చీరలు విప్పుతోంది. చెల్లె మళ్లీ దిగింది. పరుపు మీదికి ఎక్కి, ఆ పిల్లను పక్కకు జరగమని, కూర్చుంది. యజమాని గల్లాపెట్టె దగ్గరినుంచి చూశాడు. నా మొహం చూసి, మళ్లీ బిల్లుల్లో పడ్డాడు.

మొదటి గుంపు దాని మొహాన్ని రెండు మూడుసార్లు చూసి, ఇప్పుడే ఒస్తమని లేచి పక్క పరుపు మీదికి వెళ్లింది. చెల్లె విప్పిన చీరను మడతపెట్టింది. ఒకసారి తల ఎత్తి నావైపు చూసింది. అది నన్నెందుకు తోడు తెచ్చుకుందో అప్పుడు తెలిసింది. లేచి దాని దగ్గరికి వెళ్దామని కూడా అనుకున్నాను.

రెండో గుంపులో తల్లి, పెళ్లికూతురు, మేనత్త. తల్లి కూర్చుంటూనే అడిగేసింది. "ఏందమ్మా, కండ్లు గట్లయినయి?"

చెల్లె చీర అంచు వదలకుండానే చెప్పింది. "కాన్సరైంది అమ్మా. తగ్గింది. రెప్పల ఎంట్రుకలు పోతే మందు పూసిన, ఎక్కువ పూసిన. నల్లగైనయి. అవీ తగ్గుతున్నయి."

 మేనత్త తల్లి మోచెయ్యి గిల్లింది. తల్లి ఆ చెయ్యి విదిలించుకోలేదు, ఒప్పుకోనూ లేదు. చెల్లెనే చూస్తూ ఉంది.

"ఎన్నొద్దులాయె తగ్గి?"

"దగ్గర దగ్గర ఏడు నెలలు."

"మా పెద్దాడిబిడ్డకు తగ్గలే" అంది తల్లి. ఎవరితోనూ కాదు. తర్వాత మేనత్త వినేలా, "కూసో నువ్వు, ఊకె గిల్లకు" అని, చెల్లెతో, "గా ఎర్రంచుది తియ్యమ్మా. నువ్వే ఎయ్యి పిల్ల మీద" అంది.

చెల్లె మోకాళ్ల మీద లేచి చీర విప్పి, పెళ్లికూతురి భుజం మీద వేసి, కొంగు సర్దింది. పిల్ల అద్దంవైపు తిరిగింది. తల్లి ఇంకో రంగు అడిగింది.  చెల్లె మరో చీర లాగింది, మరోటి లాగింది. వెనకనుంచి ఇంకెవరో గద్వాల ఉన్నదా అని అరిచారు.

నేను లేచి దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. ఏదో అనాలని. అది తల ఎత్తి, నేనింకా అక్కడున్నానని అప్పుడే చూసినట్టు, "నువ్వు పో అక్కా. నాకు లేటయితది" అంది.